పన్నెండేళ్ళ మెత్తదనం

కవరులోంచి తీసిన సగం శాలువాను చిట్టి ముందుగా చెంపకు ఆనించుకుంది. మగ్గం మీద బతికేవాళ్ళు కంటికంటే ముందు ఒంటిని నమ్ముతారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

"వదినా, ఇది నేను నేసిందే," అంది.

"నువ్వు కాక ఇంకెవరు నేస్తారే?"

"నేసింది నేనే. కానీ నమూనా అని నీకిచ్చింది ఇది కాదు."

నా చేతిలో గరిటె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు.

చిట్టి మా ఆయన చెల్లెలు. ముప్పై తొమ్మిదేళ్ళు. పెళ్ళి మాట ఎత్తితే, "రెండు మగ్గాలతో కాపురం చేస్తున్నాను, మూడోవాడు దేనికి?" అంటుంది. పెరట్లో రేకుల షెడ్డు దాని రాజ్యం. నేను పద్దెనిమిదేళ్ళు ఒక పెద్ద బట్టల షాపులో పట్టు కౌంటరులో నిలబడి, నిరుడు మానేశాను. చిట్టితో, నువ్వు మగ్గం మీద నెయ్యి, నేను బయటి దేశాలకు పంపుతాను, మధ్యలో ఎవరూ వద్దు అన్నాను. లైసెన్సుల కోసం ఆఫీసుల గుమ్మాలు అరిగేలా తిరిగాను. చివరికి ఎనిమిది నెలల కిందట ఒక విదేశీ షాపువాళ్ళకు నమూనా పంపితే వాళ్ళకు తెగ నచ్చింది. బూడిద రంగు, ఎర్ర అంచు, అలాంటివే నూట ఇరవై శాలువాలు కావాలన్నారు. చేతికి తగిలే తీరు మాత్రం అచ్చం ఈ నమూనాలాగే ఉండాలి అని కింద గీత గీసి మరీ రాశారు. ఆ నమూనాను రెండుగా కత్తిరించి, ఒక సగానికి సీలు వేసి తమ చెకింగ్ మనిషి దగ్గర ఉంచారు. రెండో సగం మాకు పంపారు. అది పోస్టులో ఊళ్ళన్నీ తిరిగి ఈ బుధవారానికి ఇల్లు చేరింది. చెకింగ్ శుక్రవారం పదకొండింటికి.

అదే శుక్రవారం సాయంత్రం అయిదింటిలోపు చిట్టి ఊరి చివర మిల్లుకు వెళ్ళి సంతకం పెట్టాలి. పెడితే మూడేళ్ళ ఒప్పందం. మరమగ్గాల దగ్గర సూపర్‌వైజరు ఉద్యోగం. ఇల్లు గడుస్తుంది, షెడ్డు మూతపడుతుంది. ఒకసారి గడువు పెంచమని అడిగింది, పెంచారు. ఈ ఆర్డరు నిలబడితే చిట్టి మిల్లుకు వెళ్ళనక్కర్లేదు. ఇదంతా నా మాట మీద నడిచిన బండి.

"ఇస్త్రీలో కాలింది," అన్నాను. "నువ్విచ్చిన కొత్తది. కొరియర్ అతను గేటు దగ్గర నిలబడి తొందర పెడుతున్నాడు. అంచు మీద ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఎక్కువ ఆనింది. అత్తయ్య బీరువాలో అదే రంగు, అదే అంచు కనబడింది. అదీ నీ చేతిదే కదా అని..."

"అమ్మ శాలువా పంపావా?"

లోపలి గదిలోంచి అత్తయ్య వచ్చింది. చిట్టి చేతిలోంచి ముక్క లాక్కుని వెలుతురు కేసి పట్టుకుంది. "నాదే. సగమేనా? మిగతా సగం ఏదమ్మాయ్?"

నేను గరిటెను బల్ల మీద పెట్టాను.

"శాలువా కనబడటం లేదని నెత్తీనోరూ బాదుకుంటే ఏమన్నావ్? మతిమరుపు అత్తయ్యా, ఎక్కడో పెట్టి మరిచిపోయుంటారు అన్నావ్. నేనూ నిజమే కాబోలనుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. ఆరు నెలలుగా బుర్రకు మాత్రలు మింగుతున్నాను తల్లీ!"

చిట్టి షెడ్డులోకి వెళ్ళి కొత్త శాలువా ఒకటి తెచ్చింది. రెండూ బల్ల మీద పక్కపక్కన పరిచి, "తాకు," అంది. కొత్తది వేళ్ళ కింద కరకరలాడింది. పాతది నీళ్ళలా జారింది. కళ్ళు మూసుకుని తాకితే రెండూ ఒకే దారంతో నేసినవంటే ఎవరూ నమ్మరు.

"అదే దారం, అదే మగ్గం, అదే చెయ్యి. తేడా ఏముంటుందిలే అనుకున్నాను," అన్నాను.

"పద్దెనిమిదేళ్ళు పట్టు అమ్మావు వదినా."

"అమ్మాను. కొత్తవే అమ్మాను. ఇంటికి తీసుకెళ్ళాక అవి ఏమవుతాయో నేనెప్పుడు చూశాను?"

"ఇది అమ్మ పన్నెండేళ్ళు కప్పుకుంది. ఎన్నిసార్లు ఉతికిందో, ఎన్నిసార్లు ఆరేసిందో లెక్కే లేదు. పడుగు దారాలకు పెట్టిన గంజి ఎప్పుడో పోయింది. ఒంటి వేడికి దారం లొంగిపోయింది. ఇలాంటిది ఎల్లుండికి నూట ఇరవై కావాలి."

"దానికేముంది," అంది అత్తయ్య, కళ్ళు తుడుచుకుంటూ. "నూట ఇరవై మంది ముసలమ్మల్ని పోగెయ్యండి. తలా ఒకటి కప్పి పన్నెండేళ్ళు కూర్చోబెట్టండి."

ఎవరూ నవ్వలేదు. తనే కాస్త నవ్వి, ముక్కను మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన లిఫ్టుల మెకానిక్. అన్నం కలుపుతూ అంతా విన్నారు. "లిఫ్టు మధ్యలో ఆగిందంటే లోపలివాళ్ళు తలుపులు గుంజకూడదు. గంట కొట్టి ఊరుకోవాలి. గుంజినవాళ్ళే వేళ్ళు నలగ్గొట్టుకుంటారు."

"మీకు ప్రపంచమంతా లిఫ్టే."

"నీకు మాత్రం? ప్రపంచమంతా షాపు కౌంటరే," అన్నారు.

మర్నాడు పొద్దున్నే చిట్టి మిల్లుకు బయలుదేరింది. ఇంకో వారం గడువు అడిగి వస్తానంది. దాని చెప్పుల చప్పుడు వీధి మలుపు దాటగానే నేను షెడ్డు తాళం తీశాను. అట్టపెట్టెలు నాలుగు, ఒక్కోదాంట్లో ముప్పై. ఒక పెట్టెలోంచి ఆరు శాలువాలు తీసుకుని స్నానాల గదిలోకి నడిచాను.

అత్తయ్య గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. "చిట్టిని అడిగావా?"

"వచ్చాక చెబుతాను."

"నీ సంగతులన్నీ అయ్యాక చెప్పేవే."

ఆ మాట గుచ్చుకుంది కానీ చెయ్యి ఆగలేదు. గోరువెచ్చని నీళ్ళలో రెండు మూతల షాంపూ కలిపాను. పిండకుండా, రుద్దకుండా ఒక్కో శాలువానూ ముంచి తీశాను. నీళ్ళు పాలవిరుగుడులా తెల్లబడ్డాయి. గంజి వదులుతోందని గుండె కుదుటపడింది. రెండోసారి నీళ్ళలో కాస్త వెనిగర్ వేశాను. మూడోసారి ఉత్త నీళ్ళు. హాల్లో తాడు కట్టి, ఫ్యాను వేసి ఆరబెట్టాను. రెండు గంటల తర్వాత తాకి చూస్తే నాకు కేకపెట్టాలనిపించింది. అత్తయ్య శాలువా అంత కాదు కానీ మెత్తబడ్డాయి. కరకర పోయింది. నాలుగు పెట్టెలూ సాయంత్రంలోగా ఉతికితే, రాత్రికి ఆరితే, తెల్లారేసరికి ఇస్త్రీ చేస్తే...

అలవాటుగా టేపు తీసి కొలిచాను. ఎనభై అంగుళాలు ఉండవలసింది డెబ్భై ఏడు ఉంది. రెండోది డెబ్భై ఆరున్నర. తక్కినవీ అంతే. కిటికీ రెక్క తెరిచాక ఇంకోటి కనబడింది. రెండు శాలువాల్లో అంచు ఎరుపు బూడిద రంగులోకి పాకింది, తడిసిన కాగితం మీద కుంకుమ పాకినట్టు.

వీధి తలుపు చప్పుడైంది. చిట్టి వచ్చి చెప్పులు విప్పుతూనే, "గడువు లేదు. రేపు అయిదు దాటితే జాబితాలో తర్వాతి పేరు పిలుస్తారట," అంటూ తలెత్తింది. తాడు చూసింది.

అరవలేదు. అరిస్తే బాగుండేది. ఒక్కో శాలువా అంచూ పట్టుకుని చూసుకుంటూ తాడు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది.

"ఎంత తగ్గింది?"

"మూడు అంగుళాలు."

"తగ్గక ఏం చేస్తుంది? ఉతికి ఇవ్వాలంటే నాలుగు అంగుళాలు ఎక్కువ నెయ్యాలి. అంచు దారం ముందే ఉడకబెట్టుకోవాలి. అదంతా పడుగు పోసేరోజే తెలియాలి వదినా. నమూనా ముసలిదని ఎనిమిది నెలల కిందట ఒక్క మాట అని ఉంటే అలాగే నేసి ఇచ్చేదాన్ని కదా!"

"అన్నీ నాశనం కాలేదు చిట్టీ. నూట పద్నాలుగు ఉన్నాయి. ఇదిగో, రంగు పాకనివి నాలుగున్నాయి. పెట్టెల్లో పై వరసలో ఇవి పెడితే... చెకింగ్ వాళ్ళు పైనవి రెండు మూడు తీసి తాకుతారు, అంతే. నాకు తెలుసు, ఎన్ని చెకింగులు చూడలేదూ?"

"పొడవు కొలిస్తే?"

"కొలవకపోవచ్చు."

"పెట్టు," అంది చిట్టి. "పైన పెట్టు. ఒక్కోదానికి ఎనిమిది గంటలు కూర్చున్నాను. వాటిని కింద దాచి, నువ్వు పాడుచేసినవి పైన పెట్టు. అడగడం నీకు ఎలాగూ చేతకాదుగా."

షెడ్డులోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ మధ్యాహ్నమంతా మగ్గం చప్పుడు వినబడలేదు. ఈ ఇంట్లో కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో పగటిపూట అంత నిశ్శబ్దం నేనెరగను. ఆ నాలుగు శాలువాలనూ ఇస్త్రీపెట్టె చప్పుడు షెడ్డులోకి వినబడేలా మోదుతూ ఇస్త్రీ చేశాను. చేసి, పెట్టెల్లో పెట్టలేదు, దాచనూ లేదు. బల్ల మీద వదిలేశాను.

శుక్రవారం చెకింగ్ ఆయన పావుగంట ముందే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కళ్ళజోడుకు గొలుసు. మంచినీళ్ళు వద్దన్నాడు, సబ్బు అడిగాడు. చేతులు కడుక్కుని ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు. సంచీలోంచి సొంత టేపు తీశాడు. నాలుగు పెట్టెలనూ తలకిందులు చేయించి అడుగు నుంచి తెరిచాడు. పై వరస అన్నది అతని లెక్కలోనే లేదు.

చిట్టి షెడ్డు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. లోపలికి రాలేదు, వెళ్ళిపోలేదు.

అతను సీలు వేసిన కవరు తీసి కత్తెర అందుకున్నాడు.

"సార్, ఒక్క నిమిషం," అన్నాను. "ఆ నమూనా కొత్త బట్ట కాదు. మా అత్తయ్య పన్నెండేళ్ళు కప్పుకున్న శాలువా. కొత్తది నా చేతిలో కాలిపోతే అది పంపాను. అప్పుడు వీళ్ళకెవరికీ తెలియదు. నేసినావిడకు కూడా తెలియదు."

అతను కళ్ళజోడు పైనుంచి చూశాడు. "నాకెందుకు చెబుతున్నారమ్మా? నా పని పోల్చి రాయడం వరకే."

"అదీ రాయండి."

"దానికి గడి లేదు," అని కవరు కత్తిరించాడు.

అతని కాగితంలో తొమ్మిది వరసలున్నాయి. పొడవు, వెడల్పు, బరువు, అంచు, రంగు, నేత, కుట్టు, మరక, చివరిది చేతికి తగిలే తీరు. అడుగు నుంచి ఒకటి, నడిమి నుంచి మూడు, మూలల నుంచి ఇంకొన్ని. ఒక్కోటి బల్ల మీద పరిచి, పోగులు లెక్కపెట్టే అద్దం ఆనించి, టిక్కు పెట్టాడు. ఎనిమిది టిక్కులు పడ్డాయి. చిట్టి ఊపిరి నాకు వినబడుతోంది. తొమ్మిదో వరస దగ్గర సగం శాలువాను ఎడమ చేతిలోకి, కొత్తదాన్ని కుడి చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. రెండు చేతులూ మార్చి మళ్ళీ చూశాడు.

"నేత మాత్రం ఒక్క చేతిదే," అన్నాడు. చిట్టి వైపు తిరిగి, "ఇంత మెత్తగా చెయ్యగలరా?"

"ఇవి కావు," అంది చిట్టి. "ఇంకోసారి నేస్తే చెయ్యగలనేమో చూడాలి."

తొమ్మిదో వరసలో 'సరిపోలేదు' అని రాశాడు. కాగితం అంచున సన్నటి అక్షరాలతో ఇంకో వాక్యం కూడా రాసుకున్నాడు, నమూనా వాడిన బట్ట అని. ఫొటోలు తీసి అక్కడి నుంచే పంపేశాడు. ఉంచాలా, కాదనాలా అన్నది వాళ్ళ ఇష్టం. వాళ్ళ ఆఫీసు మన మధ్యాహ్నానికి తెరుస్తారు, నాలుగులోగా జవాబు రావచ్చు. అంతే చెప్పి చేతులు మళ్ళీ కడుక్కుని వెళ్ళిపోయాడు.

నాలుగింటి దాకా ఆగాలి. ఒకటింటికి అన్నం వడ్డించాను. ఎవరి కంచంలో వాళ్ళు కెలికి లేచారు. రెండింటికి అత్తయ్య ఫోను ఛార్జింగు ఉందో లేదో అడిగింది. ఉందన్నాను. రెండున్నరకు మళ్ళీ అడిగింది. మూడింటికి ఫోను మోగితే ముగ్గురం ఒక్కసారే లేచాం. మా ఆయన. "వచ్చిందా?" అన్నారు. "మీరు లైను వదిలితే వస్తుంది," అని పెట్టేశాను.

నాలుగైంది. జవాబు లేదు.

చిట్టి జడ వేసుకుని, మిల్లు ఉత్తరం పర్సులో పెట్టుకుని వచ్చి నా ముందు కూర్చుంది. నాలుగుంబావుకు బస్సు. అది తప్పితే అయిదింటిలోగా చేరలేదు.

"వదినా, ఏం చెయ్యమంటావ్?"

ఎనిమిది నెలలుగా నా దగ్గర ఒకటే జవాబు. నన్ను నమ్ము, ఏమీ కాదు. అది నాలుక చివరి దాకా వచ్చింది కూడా. ఇంకో పదినిమిషాలు ఆగు, వచ్చేస్తుంది అనాలనిపించింది. అలా అంటే ఆగుతుంది. బస్సు వెళ్ళిపోతుంది. ఆ తర్వాత వచ్చేది ఏదైనా సరే, చిట్టికి నేను తప్ప దారి ఉండదు.

"వెళ్ళు," అన్నాను. "వెళ్ళి సంతకం పెట్టు."

"జవాబు రాలేదుగా?"

"రాలేదు. వస్తుందో రాదో, ఏమని వస్తుందో నాకు తెలియదు చిట్టీ. ఇన్నాళ్ళూ తెలిసినట్టు మాట్లాడాను."

చిట్టి నా మొహంలోకి చూసింది. చెప్పులు తొడుక్కుంది. గేటు గడియ పడింది. అత్తయ్య వీధిలోకి తొంగి చూసి, "బస్సు దొరికింది," అంది. అది మంచి వార్తో చెడ్డ వార్తో ఆవిడ గొంతులో తెలియలేదు.

నాలుగూ ముప్పై ఎనిమిదికి జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. సీజను దగ్గరపడింది కాబట్టి ఉన్న శాలువాలను ఉన్నట్టే తీసుకుంటున్నామనీ, సోమవారం పంపమనీ మొదటిది. ఇకమీదట ఏ ఆర్డరైనా నమూనాలో ఉన్న మెత్తదనానికి మీరు ఒప్పుకుంటేనే, అది కుదురుతుందో లేదో వెంటనే తెలపాలి అని రెండోది.

మొదటి వాక్యం చదివినప్పుడు అత్తయ్య చెయ్యి పట్టుకుని ఊపేశాను. వెంటనే చిట్టి నంబరు నొక్కాను. నెల కిందటైతే ఆ ఒక్క వాక్యమే చెప్పి ఉందును. ఒప్పుకున్నారే, సంతకం పెట్టకుండా వచ్చెయ్ అని కేక పెట్టి ఉందును. రెండోది ఇంటికొచ్చాక నెమ్మదిగా చెప్పుకోవచ్చులే అనుకుందును.

"ఎక్కడున్నావ్?"

"ఆఫీసు ముందు బెంచీ మీద. నాకంటే ముందు ఇద్దరున్నారు. ఏమైంది?"

"జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు చదువుతాను, విను." రెండు వాక్యాలూ చదివాను. ఏమీ కలపలేదు.

అవతల ఎవరో దగ్గారు. కుర్చీ జరిగిన చప్పుడైంది.

"రెండోది మళ్ళీ చదువు."

చదివాను.

"మనం ఇవ్వగలమా అది?" అంది చిట్టి.

"నాకు తెలియదు. చెప్పగలిగితే నువ్వే చెప్పాలి."

"నాకూ తెలియదు వదినా. నాలుగు అంగుళాలు ఎక్కువ వేసి, అంచు దారం ఉడకబెట్టి, నేసి, ఉతికి చూడాలి. ఒకటి కాదు, నాలుగైదు పాడుచేస్తే గానీ దారి దొరకదు. అంతవరకు గాలి మేసి బతుకుతామా? సంతకం పెడుతున్నాను."

"పెట్టు."

"ఆదివారాలు నేస్తాను. షెడ్డు మూసెయ్యను."

"సరే."

"ఏడుస్తున్నావా?"

"లేదు."

"అబద్ధాలు ఇంకా మానలేదన్నమాట," అంది. లోపలి నుంచి ఎవరో పిలిచారు. "నేను వచ్చేదాకా వాళ్ళకు ఒక్క అక్షరం పంపకు. ఒప్పేసుకుంటావు నువ్వు." ఫోను పెట్టేసింది.

నూట పద్నాలుగు శాలువాల మధ్య పల్చటి కాగితాలు సర్దుతూ కూర్చున్నాను. మడతకు మడతకు కరకరమంటున్నాయి. జవాబు రాసిపెట్టుకున్నాను. సోమవారం పంపుతామనీ, ఆ మెత్తదనం ఇంకా చేతికి రాలేదనీ, నేసి చూడడానికి రెండు నెలలు కావాలనీ.

చిట్టి ఆరున్నరకు వచ్చింది. మెడలో మిల్లు కార్డు వేలాడుతోంది. ఫొటోలో దొంగను పట్టుకున్నట్టు చూస్తోంది. కాళ్ళయినా కడుక్కోకుండా నా చేతిలోంచి ఫోను తీసుకుని, గుమ్మం దగ్గరే నిలబడి చదివింది. రెండుసార్లు చదివింది.

"రెండు నెలలని ఎవరు చెప్పారు నీకు? ఆదివారాలు ఎన్నొస్తాయో లెక్కేసుకున్నావా? నాలుగు అని పెట్టు."

నాలుగు అని మార్చి చూపించాను. ఇంకోసారి మొదటి నుంచి చదివింది.

"ఇప్పుడు పంపు," అంది.